కవరు వెనక వారం

ఆదివారం రాత్రి కరెంటు బిల్లు కవరు వెనక
ఐదు గీతలు గీస్తాను.
గీతకొక రోజు, రోజుకొక వంట.
రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాసి.

నేను ఫ్రిజ్‌లు బాగుచేసేవాణ్ణి.
మోంతెవిదేయోలో సగం ఇళ్ళ ఫ్రిజ్‌లు
లోపలికంటా చూసినవాణ్ణి.
ఎవరి డబ్బాలో పాలకూర తరిగి, చీటీ అంటించి ఉంటుందో నాకు తెలుసు.
వాళ్ళ పిల్లలు అది తింటారా అని
అడగబోయి మానేస్తాను.

సాయంత్రం ఆరింటికి మిర్తా ఆస్పత్రికి బస్సెక్కుతుంది,
నేను దిగుతాను.
ఒక్కోసారి అదే బస్సు, అదే మెట్టు,
తాళంచెవి చేతులు మారుతుంది.
ఎదురింటి దోన్యా ఎల్బియా దగ్గరనుంచి
ఇద్దరినీ తెచ్చుకుంటాను, ఆకలితో, అలకతో.

బ్రూనాకి ఏడేళ్ళు.
పళ్ళెంలో అన్నానికీ బఠాణీలకీ మధ్య సరిహద్దు ఉండాలి.
ఒక్క బఠాణీ గీత దాటిందా,
ఆ పూటకి రాయబారాలు ముగిసినట్టే.
తదేవోకి నాలుగు. తెల్లనివే తింటాడు.
నూడుల్స్, చీజ్, బంగాళాదుంప,
అరటిపండు, అదీ తొక్క తీయడం తన కంటపడకుండా.
పచ్చనిది కనిపిస్తే నోటికి తాళం.
ఆ తాళంచెవి ఏ బస్సు మెట్టు మీదా
నా చేతికి రాలేదు.

సోమవారం మసూరు పప్పు.
బ్రూనా ఒక్కో గింజా లెక్కపెట్టింది, నూట పన్నెండు దాకా.
తినలేదు. లెక్కలైనా వచ్చాయి.

మంగళవారం చేప.
"దీనికి కళ్ళేవీ?" అన్నాడు తదేవో.
లేవన్నాను.
"మరి మనల్ని ఎలా చూస్తుంది?"
జవాబు వెతుక్కునేలోపు చేప చల్లారిపోయింది.

బుధవారం నా దొంగతనం.
కాలీఫ్లవర్‌ని మెత్తగా నూరి బంగాళాదుంప ముద్దలో కలిపాను,
తెలుపులో తెలుపు, ఏ పోలీసుకీ దొరకదు.
వాడు నాలిక కొసకి ఆనించుకుని,
న్యాయమూర్తిలా కళ్ళు మూసుకుని,
"ఇందులో ఎవరో ఉన్నారు" అన్నాడు.

గురువారం ఇరవై తొమ్మిదో తేదీ.
ఇక్కడ ప్రతి నెలా ఆ రోజు న్యోకీ వండుకుంటాం.
జీతానికి రెండు రోజుల ముందు
దుంపలూ పిండీ తప్ప ఏం మిగులుతాయి?
పళ్ళెం కింద ఒక నోటు పెడతాం,
వచ్చే నెలంతా చేతిలో నాలుగు డబ్బులాడాలని.
ఆ ఒక్క గీత మీద నేను ఆలోచించక్కర్లేదు.

ముగ్గురం కలిసి పిసికాం.
తదేవో బొటనవేలితో ఒక్కో ఉండనీ
ఫోర్కు వీపు మీద దొర్లించాడు.
బ్రూనా వరసలు పేర్చింది, ఒకటికొకటి తగలకుండా.
బయట జులై చలి. కిటికీకి ఆవిరి, పిల్లి మూతికి పిండి.
తమ చేతి వంట కదా,
ఇవాళైనా తింటారనుకున్నాను.

తదేవో పళ్ళెం ఎత్తి కిందకి చూశాడు.
ఇరవై పెసోల నోటు తీసి జేబులో పెట్టుకున్నాడు.
"నాకు చాలు" అన్నాడు.
బ్రూనా మాత్రం పదకొండు తింది.
సాసు లేకుండా. పదకొండు!
మరిచిపోతానేమోనని కవరు మీద వేసుకున్నాను.

అర్ధరాత్రి, పొయ్యి పక్కనే నిలబడి
మిగిలింది తింటుంటే
మిర్తా వచ్చింది, కోటు కూడా విప్పలేదు.
నా పళ్ళెంకేసి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
సాసులోని ఉల్లిముక్కలన్నీ
అంచు చుట్టూ తోసేసి ఉన్నాయి, వరసగా, బుద్ధిగా.
చూసుకునేదాకా నాకే తెలీదు.
నలభై ఒకటి నిండాయి నాకు.

"మీ అమ్మ ఎలా వేగిందో, హెబెర్" అంది.
నా ఫోర్కు లాక్కుని
ఆ ముక్కలన్నీ ఏరుకుని తినేసింది.
తర్వాత కవరు దగ్గరికి జరుపుకుని,
శుక్రవారం ఎదుట
నేను రాసిన పాలకూరని కొట్టేసి రాసింది:
నూడుల్స్.
ఉల్లి లేకుండా.
ముగ్గురు పిల్లలకి.